సగం దగ్గర ఆగిన ముల్లు

కారులో పెట్రోలు ముల్లు పాడైతే సాధారణంగా అడుగున ఖాళీ గీత మీదో, పైన నిండు గీత మీదో పడి ఉంటుంది. ఖాళీ మీద పడితే నడిపేవాడికి గుబులు పుడుతుంది, గుబులున్నవాడు బంకు కనపడగానే ఆగుతాడు. నిండు మీద పడితే నవ్వొస్తుంది. విజయనగరం నుంచి సాలూరు వెళ్లి వచ్చినా చుక్క తగ్గని ట్యాంకుని ఎవడు నమ్ముతాడు? చిక్కంతా సగంలో ఆగిన ముల్లుతోనే. సగం మర్యాదస్తుల కొలత. ఎక్కువా కాదు, తక్కువా కాదు. దాన్ని అనుమానించాలని ఎవరికీ తోచదు. మా పెదనాన్నగారి అంబాసిడర్ ముల్లు సరిగ్గా అక్కడే ఆగి, ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదినీ నమ్మించింది.

పెదనాన్న రాజాంలో డాక్టరు. పాలకొండ వైపు, సంతకవిటి వైపు, ఇటు చీపురుపల్లి దాకా కేసులకి ఆ కారులోనే తిరిగాడు. అంబాసిడర్ మార్క్ టూ. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా పుట్టిన బండి, కలకత్తా పక్కన ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ చేతిలో పేరు మార్చుకుని, మొత్తం మీద పెద్ద మార్పేమీ లేకుండా 2014 మే దాకా తయారవుతూనే వచ్చింది. బండి మీద ఆయనకు ఎంత ప్రేమో, దాని మీటర్ల మీద అంత అపనమ్మకం. ముల్లు బాగున్న రోజుల్లో కూడా దాని వంక చూసేవాడు కాదు. డ్యాష్‌బోర్డు అరలో చిన్న నోటుబుక్కు ఉండేది. బంకులో ఎన్ని లీటర్లు పోయించాడో, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకునేవాడు. లీటరుకి పది అని ఆయన లెక్క. అనుమానం వచ్చినప్పుడు వెనక బంపరు కిందికి వంగి, ఎడమచేతి వేలు ట్యాంకు రేకుకి ఆనించి, కుడిచేతి మధ్యవేలితో దాని మీద టకటకమని కొట్టేవాడు. డొల్లగా మోగిన చోటు నుంచి బరువుగా మోగిన చోటుకి వచ్చాక, ‘ఇదిగో, ఇక్కడి దాకా ఉంది’ అని తేల్చేవాడు. రోగి ఛాతీ మీద కొట్టి చూసే పద్ధతే అది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే అక్కడ మోత మొద్దుబారుతుంది.

ఆయన చేస్తున్నది వైద్యాన్ని తిరిగి పుట్టింటికి చేర్చడమని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. ఛాతీ మీద వేలితో కొట్టి చూడడం గురించి 1761లో మొదట పుస్తకం రాసిన లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్ ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణంలో సత్రం నడిపేవాడి కొడుకు. నేలమాళిగలో ద్రాక్షసారా పీపాలు ఎంతవరకు నిండి ఉన్నాయో తట్టి తెలుసుకోవడం చిన్నప్పటి నుంచీ చూసినవాడని చెబుతారు. ఆయన పుస్తకాన్ని తోటి వైద్యులు అంతగా పట్టించుకోలేదు. 1808లో ఫ్రాన్సులో కోర్విసార్ అనే వైద్యుడు దాన్ని అనువదించాక గానీ విలువ తెలియలేదు. పీపా నుంచి ఛాతీకి వెళ్లిన విద్య, రాజాంలో ఛాతీ నుంచి పెట్రోలు ట్యాంకుకి వచ్చింది.

మూత వేసిన పాత్రలో ఎంత మిగిలిందన్నది పాత ప్రశ్నే. గ్యాస్ సిలిండరుని తడిగుడ్డతో తుడిచి, తడి ఎక్కడి దాకా ఆలస్యంగా ఆరుతోందో చూసి గ్యాసు మట్టం చెప్పే ఇల్లాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫోర్డ్ మోడల్ టీ కారులో మీటరే లేదు, ముందు సీటు ఎత్తి కింద ఉన్న ట్యాంకులో పుల్ల ముంచి చూసుకోవాల్సిందే. ఫోక్స్‌వాగన్ బీటిల్‌కి 1961 దాకా పెట్రోలు మీటరు ఇవ్వలేదు. ఇంజను దగ్గడం మొదలుపెట్టగానే కాలితో ఒక మీట తిప్పితే అడుగున దాచిన పెట్రోలు వచ్చేది. మన చేతక్ స్కూటర్లు రిజర్వ్‌లో పడ్డాక కూడా ఆగిపోతే, నడిరోడ్డు మీద బండిని ఒక పక్కకి వంచి, మళ్లీ నిలబెట్టి, కిక్కు కొట్టి ఇల్లు చేరినవాళ్లం మనమంతా. ముల్లు వచ్చాక ఈ చేతివాటాలన్నీ పోయాయి. పోతే పోయాయి, నాకు వాటి మీద పెద్ద బెంగేమీ లేదు. వానలో స్కూటరు వంచినవాడు ఆ రోజులు తిరిగి రావాలని కోరుకోడు. వాటితో పాటు పోయిన నోటుబుక్కు సంగతే ఆలోచించాల్సింది. తట్టి చూసేవాడు, పుల్ల ముంచేవాడు, లీటర్లు రాసుకునేవాడు పెట్రోలుని తాను కొలిచేవాడు. ముల్లు చూసేవాడు ఇంకెవరో కొలిచింది వింటాడు.

ఆయన కళ్లు మసకబారాక కారు నడపడం మానేశాడు. విజయనగరంలో ఇల్లు కట్టుకుని వచ్చేస్తూ కారుని కూడా తెచ్చుకుని షెడ్డులో పెట్టాడు. ఆయన పోయాక అది అక్కడే ఉంది. దాని సంగతి మళ్లీ గుర్తొచ్చింది హుద్‌హుద్‌కి. 2014 అక్టోబర్ 12 ఆదివారం ఆ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. విజయనగరంలో చెట్లూ స్తంభాలూ ఏకమై పడ్డాయి, కరెంటు పోయింది. కరెంటు లేని బంకులో పంపు తిరగదు, తిరిగిన బంకు ముందు సీసాలతో, క్యానులతో వీధి చివరి దాకా వరస. మా బావకి అప్పుడు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఇన్వర్టరు బ్యాటరీలో మిగిలిన కొసప్రాణాన్ని అంబాసిడర్ తీగలకి తగిలించి, తాళం తిప్పాడు. ముల్లు సగం దగ్గర నిలబడింది. వీధిలో కబురు పాకింది. డాక్టరుగారి కారులో అర ట్యాంకు పెట్రోలు ఉందట! మోటారు సైకిళ్లు గేటు ముందు చేరాయి. బావ రబ్బరు గొట్టం ట్యాంకులోకి దింపి, నోటితో గట్టిగా పీల్చాడు. రెండోసారి ఇంకా గట్టిగా పీల్చాడు. చివరికి నోట్లో పడింది ఒక పుక్కెడు పదార్థం, పాత వార్నిషు వాసనతో. ట్యాంకులో ఉన్నదంతా అంతే. మిగతాది ఏళ్ల మీద ఆవిరైపోయింది. బావ పుక్కిలించిన నీళ్లన్నీ అయ్యాక పెదమ్మ అడిగింది, ‘వేలితో కొట్టి చూశావా నాయనా?’ అని.

బండిని మళ్లీ నడిపిద్దామని పట్టుబట్టింది పెదమ్మే, ఇటీవల. రింగు రోడ్డు వైపు ఒక షెడ్డులో అంబాసిడర్లు బాగుచేసే పాత మేస్త్రి ఉన్నాడంటే తోయించుకుని తీసుకెళ్లాం. ఇంజను కథ వేరే ఉంది, దాన్ని వదిలేస్తాను. ముల్లు దగ్గరికి వచ్చేసరికి నేను స్క్రూడ్రైవరు పట్టుకుని డ్యాష్‌బోర్డు వైపు వెళ్లబోయాను. తప్పు కనపడుతున్నది అక్కడే కదా. మేస్త్రి ఆపేశాడు.

‘ముల్లు మీద పడిపోతారేటి బాబూ! అది ఇన్నమాట సెప్తాది. సూసినోడు ఎనకాల ఉన్నాడు.’

మొత్తం ఏర్పాటు ఆ రెండు మాటల్లోనే ఉంది. ట్యాంకులో ఒక చిన్న ఇత్తడి బుడ్డి పెట్రోలు మీద తేలుతుంటుంది. దానికొక సన్నని చువ్వ. బుడ్డి లేస్తే చువ్వ లేస్తుంది, దిగితే దిగుతుంది. చువ్వ రెండో కొస ఒక తీగచుట్ట మీద రాసుకుంటూ కదులుతుంది. అది ఎక్కడ ఆనిందన్న దాన్ని బట్టి కరెంటుకి ఎదురయ్యే అడ్డు మారుతుంది. అక్కడి నుంచి ఒకే ఒక్క తీగ బండి పొడుగునా నడిచి మీటరుకి చేరుతుంది. మీటరులో రెండు తీగచుట్టలు ముల్లుని చెరో పక్కకీ లాగుతుంటాయి, ట్యాంకు నుంచి వచ్చిన తీగని బట్టి ఎవరి లాగుడు ఎక్కువో తేలుతుంది. అంటే ముల్లుకి పెట్రోలు సంగతి తెలియదు. దానికి తెలిసిందల్లా ఒక తీగలో ఎంత అడ్డు ఉందన్నదే.

మేస్త్రి కొత్త బ్యాటరీ పెట్టి, నన్ను ముల్లు చూస్తూ ఉండమని, తాను వెనక్కి వెళ్లి ట్యాంకు దగ్గర ఆ తీగ ఊడదీశాడు. ముల్లు లేచి నిండు మీదికి వెళ్లింది. ఊడిన కొసని బండి రేకుకి ఆనించాడు. ముల్లు పడిపోయి ఖాళీ మీద కూర్చుంది. ‘ముల్లు బాగున్నాది, తీగ బాగున్నాది,’ అన్నాడు. ఇది పాతరకం మీటరు సంగతి. 1960ల తర్వాత చాలా కార్లలో రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగే రకం వచ్చింది, అందులో సరిగ్గా దీనికి తలకిందులు: తీగ ఊడదీస్తే ఖాళీ, రేకుకి ఆనిస్తే నిండు. ఆనించి ఎక్కువసేపు ఉంచితే మీటరు కాలిపోయినా కాలిపోవచ్చు. ఏ రకమో తెలియకుండా పరీక్ష చేసినవాడు బాగున్నదాన్ని పీకి పారేస్తాడు.

నాకు నచ్చింది ఆ పరీక్ష వెనకున్న తర్కం. తీగ తెగినా, ఎక్కడైనా రేకుకి తగిలినా ముల్లు ఏదో ఒక కొసకి పోవాలి. సగంలో నిలకడగా ఉందంటే దానికి మాట అందుతూనే ఉంది, అందుతున్న మాటే మారడం లేదు. ట్యాంకు దింపి, బుడ్డీ చువ్వా ఉన్న యూనిట్ పైకి తీస్తే తెలిసిపోయింది. చువ్వ కీలు దగ్గర తుప్పు పట్టి బిగిసింది, బుడ్డి సగం ఎత్తున గాలిలో వేలాడుతోంది. కింద పెట్రోలు లేదు, తుప్పు పొడి ఉంది. బుడ్డిని చెవి దగ్గర ఊపి చూశాడు, చిల్లి లేదు. చిల్లి పడి లోపలికి పెట్రోలు చేరితే అది మునిగిపోయి ఎప్పుడూ ఖాళీయే చెబుతుంది.

ఆ సాయంత్రం నోటుబుక్కు తీసి చూశాను. పెదనాన్న చివరిసారి పెట్రోలు పోయించింది చీపురుపల్లిలో. ఆ తర్వాత తిరిగిన కిలోమీటర్లు కూడా ఆయన రాసే ఉన్నాడు, అక్షరాలు గీతలు దాటిపోయి, పెద్దవై, వంకర తిరిగి ఉన్నాయి. లీటరుకి పది చొప్పున తీసేస్తే, బండిని షెడ్డులో పెట్టిన రోజుకి ట్యాంకులో మిగలాల్సింది ఇంచుమించు సగం. అంటే ముల్లు అబద్ధమాడలేదు. ఆయన నడపడం మానేసిన నాటి నిజాన్ని, అందరూ తాళం తిప్పిన ప్రతిసారీ, పొల్లుపోకుండా చెబుతూ వచ్చింది. బావ పీల్చింది 2014లో, ముల్లు చెప్పింది అంతకు ఎన్నో ఏళ్ల ముందు సంగతి.

అబద్ధాన్ని పట్టుకోవడం తేలిక. అది ఎక్కడో ఒకచోట మిగతా వాటితో పొసగదు. గడువు తీరిన నిజానికి ఆ లోపం లేదు. దానికి సాక్ష్యం ఉంది, లెక్క ఉంది, అది పుట్టిన రోజున ఎవరైనా సరి చూస్తే సరిపోయేది కూడా. మా చుట్టాల్లో ఒకాయన నన్ను కలిసినప్పుడల్లా ‘ఇంకా బొమ్మలేస్తున్నావేటి?’ అని అడుగుతాడు. హైస్కూల్లో వేసేవాణ్ని, నిజమే. ఉద్దానం నుంచి వచ్చే మా అప్ప, నాకిష్టమని ప్రతి వేసవికీ పనసపండు మోసుకొస్తుంది. ఇప్పుడు తొన తింటే నాకు పడదని ఆవిడకి చెప్పడం నా వల్ల కాలేదు. వాళ్లకి నా మీదున్న ప్రేమ తాజాదే. నా గురించిన సమాచారం మాత్రం మేం కలిసి ఉన్న చివరి ఏడాది దగ్గర బిగిసిపోయింది. బహుశా నేనూ వాళ్లని అలాగే చూస్తుంటాను.

ఇంటి సంగతి అలా ఉంచితే, జిల్లా సంగతీ అంతే. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా 27,03,114 మంది, విజయనగరం జిల్లా 23,44,474 మంది. తర్వాతి లెక్క 2021లో జరగాలి. కోవిడ్‌తో ఆగింది, ఆ తర్వాత వాయిదాల మీద వాయిదాలు పడి 2027కి ప్రకటించారు. ఈలోగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలే మారిపోయాయి. పెదనాన్న మందుల చీటీల మీద ‘రాజాం, శ్రీకాకుళం జిల్లా’ అని అచ్చయి ఉంటుంది. ఆ రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది, పాలకొండ పార్వతీపురం మన్యంలో ఉంది. తీరం వెంబడి మత్స్యకార గ్రామాల మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్ రేవుకి పోతారు, మెట్ట ఊళ్ల జనం హైదరాబాదుకీ చెన్నైకీ కట్టుబడి పనులకి పోతారు. ఏ ఊళ్లో ఎందరు మిగిలారు, ఎన్నిళ్లకి తాళాలు పడ్డాయి? దస్త్రం తెరిస్తే 2011 అంకె కదలకుండా నిలబడి ఉంటుంది. అది తప్పుడు అంకె కాదు. ఆ రోజున ఇంటింటికీ వెళ్లి లెక్కపెట్టిన అంకె. అందుకే దాన్ని కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

ముల్లు అసలు పనిచేయకపోవడమే నయమా? ఆ ప్రశ్నకి విమానాల దగ్గర మంచి జవాబు దొరుకుతుంది. 1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767లో ఇంధనం మీటర్లు పూర్తిగా చీకటైపోయాయి. ఇంధనం లెక్కించే పెట్టెలో ఒక టంకం అతుకు సరిగా పడకపోవడం మూలకారణం. మీటరు లేదని అందరికీ తెలుసు కాబట్టి పుల్లతో కొలిచారు, కాగితం మీద లెక్కగట్టారు. కెనడా అప్పుడే పౌన్ల నుంచి కిలోలకి మారుతోంది. లీటర్లని బరువులోకి మార్చేటప్పుడు పౌన్ల గుణకం వాడి, వచ్చినదాన్ని కిలోలనుకున్నారు. కావాల్సినదాంట్లో సగం కూడా లేని ఇంధనంతో లేచి, 41,000 అడుగుల ఎత్తున ఇంజన్లు ఆగిపోయాక, కెప్టెన్ రాబర్ట్ పియర్సన్ విమానాన్ని గాలిలో జార్చుకుంటూ గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దింపాడు. 69 మందిలో ఒక్క ప్రాణమూ పోలేదు. మీటరు మూగదైతే మనుషులు కనీసం కొలవడానికి పూనుకుంటారు. కొలవడంలో పొరపాటు పడ్డారు, అది వేరే సంగతి.

2005 ఆగస్టు 6న ట్యునింటర్ అనే సంస్థ విమానంలో మీటరు చక్కగా పనిచేసింది. కాకపోతే అది ఏటీఆర్ 42 రకం విమానానికి చేసిన మీటరు, ముందురోజు దాన్ని ఏటీఆర్ 72కి బిగించారు. ట్యాంకులో లేని ఇంధనాన్ని ఉన్నట్టు చూపింది. ఎవరికీ అనుమానం రాలేదు. ఇటలీలో పాలెర్మో దగ్గర విమానం సముద్రంలో దిగింది, 39 మందిలో 16 మంది చనిపోయారు.

ఈ రెండో కథ నాకు గుర్తొచ్చింది మేస్త్రితో మాట్లాడుతుంటేనే. తుప్పు పట్టిన యూనిట్ బదులు వేరే పాత కారుది ఏదైనా దొరికితే వేసేద్దామా అని అడిగాను. షెడ్డు మూలన ఫియట్ సామాను పోగు కనపడుతోంది. మేస్త్రి ఒప్పుకోలేదు. ‘దాని టేంకు వేరు, దీని టేంకు వేరు. ముల్లు కదుల్తాది, నిజం సెప్పదు. కదిలే ముల్లుని మరి మీరు సూడరు.’ కీలుకి కిరసనాయిలు పట్టించి, నానబెట్టి, సన్న ఎమరీ కాగితంతో రుద్ది, ఆ పాతదాన్నే కదిలించాడు. బుడ్డి ఇత్తడిది కావడం అదృష్టమన్నాడు. అంతకు ముందు తరం కార్లలో లక్క పూసిన బెండు వాడేవారు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, లక్కని ఆల్కహాలు కరిగించేస్తుంది. పైగా ఇథనాల్‌కి నీరు పీల్చే గుణం, ఎక్కువకాలం నిలవ ఉంచితే మళ్లీ తుప్పే. బండిని తిప్పుతూ ఉండండి, ఊరికే పెట్టకండి అని పదేపదే చెప్పాడు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయిస్తే ఇరవై వేల రుసుం, ‘వీఏ’ అక్షరాలతో కొత్త నంబరు, దానితో పాటు మామూలు తిరుగుళ్లకి రోడ్డెక్కించకూడదన్న షరతు. తిప్పకపోతే తుప్పు, తిప్పితే తప్పు. పెదమ్మ ఆ నమోదు ఆలోచన అక్కడికక్కడే మానుకుంది.

ఆఖరున పరీక్ష మిగిలింది. ట్యాంకు కడిగి, బిగించి, మేస్త్రి క్యానుతో కొంచెం కొంచెంగా పెట్రోలు పోస్తూ ముల్లు ఎక్కడికి లేచిందో చూశాడు. లేస్తోంది, కానీ బండి కదిలిస్తే ఊగుతోంది, ఎత్తు మీద నిలిపితే ఒకలా, పల్లంలో నిలిపితే ఇంకోలా చూపిస్తోంది. అది దాని జాతి లక్షణమట, సర్దుకుపోవాలి. అప్పుడు నేను ఊహించని ప్రశ్న వేశాడు. ‘అమ్మా, ముల్లు కాళీ అన్నాక టేంకులో ఎంత ఉంచమంటారు?’

బుడ్డి చువ్వని ఒక పిసరు వంచితే చాలునట. ముల్లు ఖాళీ గీతకి చేరినప్పుడు నిజంగా ఖాళీ కావచ్చు, రెండు లీటర్లు ఉండొచ్చు, ఐదు ఉండొచ్చు. కంపెనీ వాళ్లు కూడా ఎంతో కొంత ఉంచే బిగిస్తారు. అంటే నిఖార్సయిన ముల్లు అని మనం అనుకునేది కూడా ఎవరో మన మంచికోరి కొంచెం పక్కకి వంచినదే. బావ రెండు చాలన్నాడు, ఊళ్లో ఎక్కడ చూసినా బంకులే కదా అని. నేను అసలు ఏమీ ఉంచొద్దన్నాను. ఇంత తవ్వి తీసిన నిజాన్ని మళ్లీ చేత్తో వంచడం నాకు నచ్చలేదు. ఖాళీ అంటే ఖాళీ.

పెదమ్మ మా ఇద్దరి వంకా చూడలేదు. ‘ఐదుంచు బాబూ,’ అంది మేస్త్రితో. బండి నడపబోయేది ఆవిడ మనవడు, మొన్ననే లైసెన్సు వచ్చినవాడు. ‘ఐదుందని మాత్రం ఆ గుంటడికి చెప్పొద్దు. తెలిస్తే అవీ తగలేసి రోడ్డు మీద నిలబడతాడు.’

మేస్త్రి చువ్వని రెండు వేళ్లతో పట్టుకుని వంచాడు. గుంటడు అప్పటికే డిక్కీ వెనక నిలబడి, ట్యాంకు మూత చేత్తో పట్టుకుని, అంతా వింటూ ఉన్నాడు.